హోల్డ్

బల్ల మీద నల్ల ఫోను.
నాలుగు లైన్లు, నాలుగు దీపాలు.
మోగితే ఎర్రగా, ఆదరాబాదరాగా.
మాట్లాడుతుంటే పచ్చగా, నిలకడగా.
హోల్డ్‌లో పెడితే నారింజ రంగు,
నిద్రపోయిన పిల్ల డొక్కలా
మెల్లగా లేస్తూ, పడుతూ.

అనంతపురం, టవర్ క్లాక్ నుంచి రెండో సందు,
బోర్‌వెల్స్ ఆఫీసు.
బయట బోర్డు మీద నీలం పెయింటు ఊట.
లోపల తాగడానికి క్యాను నీళ్ళు.
ఏప్రిల్ వచ్చిందంటే
జిల్లా జిల్లా అంతా నా ఎడమ చెవిలో ఉంటుంది.

"బండి ఎప్పుడొస్తాది కా?
పొద్దున్నే టెంకాయ కొట్టి కూసోనుండాం."
డీజిల్ బంకు, పాత బాకీ.
ధర్మవరం పార్టీ:
కేసింగు పైపు నూటిరవై అడుగులు దించి
నూట నలభై రాసినారంట.
రిగ్గు మీద నుంచి సెంగోడన్, తిరుచెంగోడు మనిషి,
పదేళ్ళయినా అతని తెలుగు సగం దారిలోనే ఉంది:
"నాలుగు వంద ఎనబై. పౌడర్ దా, అక్కా."

నాలుగు దీపాలకు నాకు రెండు చెవులు, ఒక నోరు.
మీట నొక్కే వేలికి కాయ కాచింది.

ఆ బుధవారం ఒకటో లైనులో ఆమె.
"అక్కులమ్మను మా, కంబదూరు పక్క.
మా ఆయప్ప బోరు కాడుండాడు, మోతకు ఫోనెత్తల్యా.
నేను కల్యాణదుర్గంలో, బ్యాంకు కాడ.
కమ్మలకు అనుకున్నంత ఇయ్యలేదు.
ఐదొందల అడుగులకే ఉండాయి దుడ్లు.
ఆడికి నిలపమని చెప్పు మా."

"లైన్లో ఉండమ్మా" అన్నాను.
సెంగోడన్‌కు చేయబోతుంటే
నాలుగోది మోగింది. సారు.
సారును హోల్డ్‌లో పెట్టే మీట
ఈ ఫోనుకు పెట్టలేదు.
సారు అయ్యేలోపల బంకు,
బంకు అయ్యేలోపల మళ్ళీ ధర్మవరం పైపు.

నారింజ దీపం లేస్తూ, పడుతూ.
ఒక్కసారైనా పెట్టేయలేదు ఆమె.

తొమ్మిది నిమిషాలు.

రాడ్డు ఇరవై అడుగులు.
ఐదొందలు దాటితే అడుగు వంద కాదు, నూటిరవై.
ఈ లెక్క అందరికీ చెప్పేది నేనే,
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

"ఐదు వంద నలబై. పౌడర్ దా, అక్కా.
ఇంకొకటి దించేదా?"
"వద్దు" అని అరిచాను.
పక్క టైలరు కుట్టు ఆపి తొంగి చూశాడు.

ఒకటో లైను నొక్కాను.
"చెప్పినావా మా?"
"చెప్పినా."
"సల్లగుండు తల్లీ" అని పెట్టేసింది.

బిల్లు బుక్కులో ఐదొందలే రాశాను.
సెంగోడన్ డైరీ, నా బుక్కు పక్కపక్కన పెట్టి
సారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
"కాగితం మీద బోరు పూడదు, కుళ్ళాయమ్మా."
నాలుగు వేల ఎనిమిది వందలు.
నెలకు ఎనిమిది వందల లెక్కన ఆరు నెలలు.
పోయేసరికి దసరా వచ్చింది.

సారు బంగారంలాంటి మనిషి అనను.
చెడ్డవాడని కూడా చెప్పలేను.
ఆ నలభై అడుగుల కింద
తడి ఉండి ఉంటే అక్కులమ్మ ఏమనేదో
అదీ ఆలోచించాను.
ఆ ఆలోచనకు సిగ్గుపడ్డాను కూడా.

ఇన్నేళ్ళలో తెలీనిది ఒకటుంది:
హోల్డ్‌లో వాళ్ళకు ఏం వినబడుతుందో.
ఒక సాయంత్రం, షట్టరు సగం దించి,
నా సెల్లు నుంచి ఆఫీసుకు చేసి,
నేనే ఎత్తి, నన్ను నేనే హోల్డ్‌లో పెట్టుకున్నాను.

ఐస్ బండి గంటలాంటిది, సన్నటి రాగం,
పన్నెండు స్వరాలు పోయి, తడబడి, మళ్ళీ మొదటికి.
గడియారం చూస్తూ తొమ్మిది నిమిషాలు విన్నాను.
నాలుగో నిమిషానికి
ఎవరో నన్ను మరిచిపోయారనిపించింది.

ఇప్పుడు "లైన్లో ఉండండి" అనే ముందు
ఒకటి అడుగుతాను,
ధర్మవరమైనా, ఎవరైనా, ఆఖరికి బంకు వాడినైనా:
"మీ కాడ బోరు నడుస్తాందా?"

బంకు వాడు నవ్వుతాడు.